మెడ వాస్తే కాడిని చూడాలి

‘నొప్పెడితే మానెయ్యొచ్చు గదా!’

మా గరివిడిలో చేతి నొప్పితో పని చేసుకు బతికేవాళ్లను ఎవరిని కదిపినా ఈ మాట ఒక్కసారైనా విన్నామంటారు. మా వీధిలో జాకెట్లు కుట్టే అప్పతో అన్నారు. మందుల దుకాణంలో పొద్దున్నించి రాత్రిదాకా బిల్లులు కొట్టే కుర్రాడితో అన్నారు. ఇరవై ఏళ్లుగా కీబోర్డు మీద బతుకుతూ కుడి మణికట్టు దెబ్బతిన్న నాతోనూ అన్నారు. అన్నవాళ్లెవరూ పగవాళ్లు కారు. అన్నదమ్ములు, ఇరుగుపొరుగు, ఒక్కోసారి మందు రాసిచ్చే డాక్టరు. మంచి కోరే అంటారు. మంచి కోరి అన్న మాట కాబట్టే దానికి ఎదురు చెప్పేవాళ్లు లేకపోయారు. ఎదురు చెప్పాల్సిన అవసరం కూడా అందుకే ఎక్కువ.

ఆ ఒక్క మాటలో మూడు తీర్పులున్నాయి. తప్పు చేతిదే గాని పనిది కాదన్నది మొదటిది. నొప్పి వచ్చిన చెయ్యి ఇక పనికిరాదన్నది రెండోది. యజమాని చెయ్యగలిగిందేమీ లేదు కనుక బయటికి పోవాల్సింది పనిచేసే మనిషేనన్నది మూడోది. ఈ మూడూ తప్పు. తప్పని నా అనుభవంతో చెబుతాను, చరిత్రతో చెబుతాను, చట్టంతోనూ చెబుతాను.

మాది పశువైద్య కళాశాల ఉన్న ఊరు. చుట్టూ వ్యవసాయం మీద బతికే పల్లెలు. కాడి ఒరిపిడికి ఎద్దు మెడ వాచిందనుకోండి, రైతు ఏం చేస్తాడు? ఆ వారమే సంతకు తోలెయ్యడు. ముందు కాడిని తడిమి చూస్తాడు. ఎక్కడ గరుకు తేలిందో, బరువు ఏ పక్కకు ఒరుగుతోందో చూసి చెక్కిస్తాడు, గోనెగుడ్డ చుడతాడు. వాపు తగ్గేదాకా ఎద్దును కట్టేసి, తగ్గాక తేలిక పనితో మొదలుపెడతాడు. ఎద్దు విషయంలో ఇంత తెలిసిన మనకు మనిషి మణికట్టు వాచినప్పుడు కాడి ఎందుకు గుర్తుకు రాదు?

నా సంగతి ముందు చెప్పుకుంటాను. చీపురుపల్లిలో టైపు నేర్చుకుని లోయరు, హయ్యరు పాసయ్యాను. తర్వాత కంప్యూటరుకు మారి ఒక ప్రైవేటు ఆఫీసులో డేటా ఎంట్రీ పనికి చేరాను. గంటకు ఎనిమిది వేల అక్షరాలు కొట్టాలని అక్కడి లెక్క. రోజుకు ఎనిమిది గంటలు. అంటే రోజుకు 64 వేల సార్లు వేలు దిగాలి, లేవాలి. ఐదో ఏడు బొటనవేలి మొదట్లో సలుపు మొదలైంది. బామ్ రాసుకుని పనిలోకి వెళ్లాను. కొన్నాళ్లకు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. బొటనవేలి వైపు వేళ్లు మొద్దుబారి ఉండేవి. చెయ్యి విదిలిస్తే గాని ప్రాణం వచ్చేది కాదు. చిటికెన వేలు మాత్రం బాగానే ఉండేది. ఒకరోజు నీళ్ల చెంబు జారిపోయింది. ఇంకోరోజు తడి తువ్వాలు పిండలేకపోయాను. ఇంటి తాళం తిప్పలేక గుమ్మం ముందు నిలబడి పక్కింటి పిల్లాణ్ని పిలిచాను.

ఆఫీసులో చెబితే ‘అందరూ చేత్తన్నారు గదా, నీకే ఎందుకొచ్చింది’ అన్నారు. మూడో నెలలో ‘నొప్పెడితే మానెయ్’ అన్నారు. మానేశాను. ఏడాదిన్నర ఖాళీగా కూర్చున్నాను. చెయ్యి కాస్త తెరిపిన పడింది గాని మనిషిని పడిపోయాను. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో రెక్క ముడుచుకుని కూర్చోవడం ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అప్పు పెరిగింది. నిద్ర పోయింది. నిద్ర లేని రాత్రి నొప్పి రెండింతలవుతుందని కూడా అప్పుడే తెలిసింది. మానెయ్యడం వైద్యమని చెప్పేవాళ్లు ఆ ఏడాదిన్నరను లెక్కలో వెయ్యరు.

అసలు లోపల జరిగేదేమిటి? మణికట్టు దగ్గర ఎముకలకూ వాటి మీద బిగిసి ఉన్న గట్టి పట్టీకీ మధ్య ఒక ఇరుకు దారి ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, బొటనవేలి వైపు మూడున్నర వేళ్లకు స్పర్శ ఇచ్చే నరమూ ఆ దారిలోంచే పోవాలి. లోపల వాపొస్తే నలిగేది నరమే. దీన్నే కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. చిటికెన వేలికి స్పర్శ వేరే నరం నుంచి వస్తుంది కనుకే అది బాగుంటుంది. బొటనవేలి మొదట్లో వచ్చే సలుపు వేరే బాపతు. దాన్ని స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి క్వెర్వెయిన్ 1895లో వర్ణించాడు. బొటనవేలిని పిడికిట్లో పెట్టి మూసి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచి చూడండి. ఆ జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం జివ్వుమంటుంది. భుజం, మోచెయ్యి, మెడ దగ్గర వచ్చేవి ఇంకా ఉన్నాయి. పదేపదే ఒకే కదలిక వల్ల వచ్చే ఈ బాధలన్నిటికీ కలిపి రిపిటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ అని పేరు. ఇంజురీ అంటే గాయం. మనవాళ్లు దీన్ని నరాల నీరసం అనుకుని బలానికి సూదులు వేయించుకుంటూ తిరుగుతారు. గాయం చేస్తున్న పని అలాగే సాగుతుంటే ఆ సూదులేం చేస్తాయి?

ఇక ఎక్కువగా వినిపించే వాదం. ‘మన అమ్మలు తిరగలి విసిరారు, వడ్లు దంచారు, గోగునార వొలిచారు. వాళ్లకు లేని నొప్పులు మీకెక్కణ్నుంచి వచ్చాయి?’

వాళ్లకు లేవని ఎవరు చెప్పారు? మా అమ్మ రాత్రిళ్లు భుజానికి ఆముదం రాసి ఇసుక మూటతో కాపడం పెట్టుకునేది. మా పెద్దమ్మ బొటనవేలు పూర్తిగా వంగేది కాదు. వాళ్లను ఏ డాక్టరూ చూడలేదు, ఏ రిజిస్టరులోనూ రాయలేదు. రాయనంత మాత్రాన నొప్పి లేకుండా పోదు. ఇంకో సంగతి కూడా చూడండి. తిరగలి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చునేవారు. చెయ్యి మార్చి చెయ్యి వేసేవారు. రోకలి ఈ చేతి నుంచి ఆ చేతికి పోయేది. విసురుకు పాట తోడుండేది, ఆ పాటే వేగాన్ని అదుపులో పెట్టేది. దంచడం అయ్యాక చెరగడం, చెరిగాక నీళ్లకు వెళ్లడం. ఒంటికి ఒకే పని రోజంతా ఉండేది కాదు. గంటకు ఇన్ని విసుర్లని వెనక నిలబడి లెక్కపెట్టేవాడూ లేడు.

టైపు మిషను సంగతీ అంతే. ‘ఆ రోజుల్లో టైపిస్టులు చెయ్యలేదా’ అంటారు. నేను రెండూ చేశాను కనుక చెప్పగలను. టైపు మిషను మీద వరస అయిపోయిన ప్రతిసారీ గంట మోగేది. ఎడమ చెయ్యి లేచి క్యారేజీని తోసేది. పేజీ అయితే కాగితం తియ్యాలి, కొత్తది పెట్టాలి, మధ్యలో కార్బన్ సర్దాలి. రిబ్బను ఇరుక్కుంటే లేచి చూడాలి. చేతికి ఆ చిన్న చిన్న మార్పులే విశ్రాంతి. కంప్యూటరు వాటన్నిటినీ తీసేసింది. వరస దానంతటదే మారుతుంది, పేజీ దానంతటదే వస్తుంది. చెయ్యి మాత్రం ఆగకుండా ఒకేలా కొట్టుకుంటూ పోవాలి. పని తేలికయిందని అందరూ అనుకున్నారు. నిజానికి పోయింది పనిలో ఉన్న విరామం.

రెండో వాదం ఇంకా కటువైనది. ‘ఇదంతా మనసులో పుట్టిన జబ్బు, పని ఎగ్గొట్టడానికి సాకు.’ ఈ అపవాదు మా గరివిడిలో పుట్టింది కాదు, దానికీ ఈ జబ్బుకూ పెద్ద చరిత్రే ఉంది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం అచ్చువేశాడు. 1713 నాటి కూర్పులో రాతగాళ్ల జబ్బుల గురించి రాస్తూ మూడు కారణాలు చెప్పాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున కదలడం, తప్పు రాకూడదన్న మనసు ఒత్తిడి. తనకు తెలిసిన ఒక నోటరీ సంగతి కూడా రాశాడు. రాసి రాసి ఆ మనిషి కుడి చెయ్యి చచ్చుబడింది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు అదే జబ్బు ఎడమ చేతికీ వచ్చింది. మూడు వందల ఏళ్ల కిందటి ఆ నోటరీని మించిన సాక్ష్యం నాకు ఎక్కడా కనబడలేదు. చెయ్యి మారింది, పని మారలేదు. జబ్బు పనితోపాటే నడిచి వచ్చింది.

బ్రిటన్‌లో తంతి ఆఫీసుల్లో మీట నొక్కి నొక్కి చేతులు బిగిసిపోయిన ఉద్యోగుల బాధను 1908లోనే నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలో చేర్చారు. అదే బ్రిటన్‌లో 1993లో ఒక పాత్రికేయుడు రాయిటర్స్ వార్తాసంస్థ మీద వేసిన కేసులో, ఈ రిపిటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ అన్న మాటకు వైద్యగ్రంథాల్లో చోటే లేదన్నట్టు జడ్జి తీర్పు చెప్పాడు. సాకు అనేవాళ్లకు ఆ తీర్పు చాలాకాలం ఆయుధమైంది. కానీ అదే 1993 జనవరి 1 నుంచి, కంప్యూటరు తెర ముందు పనిచేసేవాళ్లకు మధ్యమధ్య విరామమో వేరే పనో ఉండేలా యజమాని చూడాలన్న నిబంధనలు ఆ దేశంలోనే అమల్లోకి వచ్చాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి జబ్బుల జాబితాలో మణికట్టు స్నాయువుల వాపు, మోచేతి నొప్పి, కార్పల్ టనల్ సిండ్రోమ్ పేరుపేరునా ఉన్నాయి. సాకులకు ప్రపంచం జాబితాలు రాయదు.

మనసు ఒత్తిడికీ నొప్పికీ సంబంధం ఉన్నమాట నిజం. రమజ్జీనే చెప్పాడు, నేనూ ఒప్పుకుంటాను. పని పోతుందేమోనన్న భయం కండరాలను బిగబట్టిస్తుంది, నిద్ర చెడగొడుతుంది, నొప్పిని పెంచుతుంది. అలాంటప్పుడు ‘మానెయ్’ అని బెదిరించేవాడు ఆ నొప్పిలో వాటాదారు. మనసు ప్రభావం ఉందని తెలిశాక చెయ్యాల్సింది ఆ భయాన్ని తగ్గించడం. నొప్పే అబద్ధమనడం న్యాయం కాదు.

మూడో వాదం మెత్తగా ఉంటుంది. ‘పది రోజులు సెలవు పెట్టు, తగ్గించుకుని రా.’ ఈఎస్ఐ ఉన్నవాళ్లకు జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. మంచిదే. కానీ ఆ సౌకర్యం నెలకు 21 వేల లోపు జీతమున్న, చట్టం వర్తించే సంస్థల్లోని వాళ్లకే. టైలరుకు లేదు, ఇద్దరు ముగ్గురితో నడిచే దుకాణంలో కుర్రాడికి లేదు. ఉన్నవాళ్లయినా తగ్గించుకుని తిరిగి వచ్చేది ఎక్కడికి? అదే కుర్చీకి, అదే ఎత్తు బల్లకు, అదే 64 వేల లెక్కకు. కాడిని అలాగే ఉంచి ఎద్దుకు పది రోజులు మేత వేస్తే పదకొండో రోజు మెడ మళ్లీ వాస్తుంది.

మరి ఏం చెయ్యాలి? మా వీధి టైలరమ్మ దగ్గరికి రండి. ఆవిడతో ‘మానెయ్’ అన్న రోజు నేనక్కడే ఉన్నాను. కత్తెర కింద పెట్టి ఆవిడన్న మాట ఇది: ‘మానెత్తే పిల్లల ఫీజులు ఎవులు కడతారు బాబూ? మిషను మీద గుడ్డ కప్పీమంతారు. గుడ్డ కప్పీసిన్నాడు నా ఇల్లు గడవదు.’

ఆవిడ బాధ కుట్టడంలో లేదు, కత్తిరించడంలో ఉంది. పది అంగుళాల ఇనుప కత్తెర, మొద్దుబారిన అంచు. నేల మీద గొంతుక్కూర్చుని పండగ ముందు ఒకే విడతలో ఇరవై జాకెట్లకు గుడ్డ కోసేది. కత్తెర బొటనవేలు పెట్టే వలయం వేలి మొదట్లో ఒరుసుకుని కాయ కాసింది. ఇద్దరం కూర్చుని ఒక్కో పనీ చూసుకుంటూ వచ్చాం. కత్తెరకు సాన పట్టించింది. వలయానికి పాత చీర పీలిక చుట్టింది. నేల మీది పని నడుమెత్తు బల్ల మీదికి మార్చింది. ఇరవై జాకెట్లు ఒకేసారి కొయ్యడం మాని, నాలుగు కోసి నాలుగు కుట్టి, మధ్యలో హుక్కులు వేసుకోవడం మొదలుపెట్టింది. బొటనవేలు కదలకుండా పట్టీ కట్టుకుని పడుకుంది. పండగ సీజనులో ఎక్కువ కోత పక్క వీధి అమ్మాయికి ఇచ్చి, ఆ అమ్మాయికి రాని చేతుల కుట్టు తను తీసుకుంది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఆరు నెలలుగా మిషను మీద గుడ్డ కప్పలేదు. ఆవిడకు అయిన ఖర్చు సాన పట్టినవాడి కూలి, పాత బల్ల ఖరీదు.

నాకూ పనిని అలా మార్చి చూసే మనిషి ఒకరు దొరికారు. ఏడాదిన్నర తర్వాత ఇంకోచోట పని అడగడానికి వెళ్లి, ముందే చేతి సంగతి చెప్పేశాను. దాచి చేరి మళ్లీ అదే మాట వినే ఓపిక లేదు. ఆ యజమాని డాక్టరు కాడు, ఇంటర్మీడియట్ దాకా చదివాడు. ‘ఏ పన్జేసినప్పుడు ఎక్కువవుతాది?’ అని అడిగాడు. అప్పటిదాకా నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆలోచించి చెప్పాను. ఎత్తు బల్ల మీద మణికట్టు పైకి వంచి కొట్టినప్పుడు, మౌసు దూరంగా ఉన్నప్పుడు, గంట దాటి ఆపకుండా చేసినప్పుడు. వడ్రంగిని పిలిచి బల్ల కాళ్లు మూడు అంగుళాలు కోయించాడు. మౌసు దగ్గరికి జరిగింది. నలభై నిమిషాలు టైపు, తర్వాత పది నిమిషాలు ఫైళ్లో ఫోన్లో కౌంటరో. ఉత్తరాలు ఫోన్లో తెలుగులో మాట్లాడి అక్షరాలుగా మార్చుకుని, తప్పులు మాత్రం చేత్తో దిద్దుతాను. తొమ్మిదేళ్లయింది. అక్కడే ఉన్నాను. నా పని తక్కువైందని ఆయన ఒక్కరోజూ అనలేదు.

‘ఒకరికి ఇలా చేస్తే అందరూ అడుగుతారు’ అన్నది యజమానుల చివరి వాదం. అడగనివ్వండి. బల్ల ఎత్తు పదిమందికీ సరిపోలేదంటే లోపం పదిమంది చేతుల్లో ఎలా ఉంటుంది? ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసుల పక్కన పెరిగిన ఊరు మాది. ఫర్నేసుకు మరమ్మతు రోజులుంటాయని ఇక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. ఆ రోజుల ఉత్పత్తి పోయిందని ఫర్నేసును తుక్కుకు అమ్మరు. పదేళ్లు పని నేర్చిన చేతిని మాత్రం వారంలో తీసేసి, ఏమీ రాని కొత్త చేతిని తెచ్చి, అదే బల్ల ముందు కూర్చోబెడతారు. ఐదేళ్లకు ఆ చెయ్యీ వాస్తుంది. దీన్ని పొదుపు అనడం ఎలాంటి లెక్క?

ఇది ఒక్క కంప్యూటరు గుమాస్తాల గొడవ అనుకోకండి. మా స్టేషన్ మీదుగా పోయే రైలు పట్టాల వెంట చూడండి. ఇటు నెల్లిమర్లలో జనపనార మిల్లు. అటు పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్ననూలు వడికే ఆడవాళ్లు. ఇంకా పైకి పోతే పలాసలో జీడిగింజలు కొట్టే ఆడవాళ్లు. రోడ్డు మీద బస్సెక్కితే పైడిభీమవరం మందుల కంపెనీలకూ, దూరాన అచ్యుతాపురం దుస్తుల కంపెనీలకూ పోయే అమ్మాయిలు. ఉత్తరాంధ్ర ప్రపంచానికి అమ్ముతున్నవాటిలో వేళ్ల పని చాలా ఉంది. పొందూరు నూలు సన్నదనాన్ని పత్రికలు పొగిడినన్ని సార్లు ఆ వడికిన వేలు ఎలా ఉందని అడిగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇక చట్టం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టానికి మూడో షెడ్యూలు ఉండేది. పని వల్ల వచ్చే జబ్బుల జాబితా అది. అందులో మాంగనీసు విషానికి చోటుండేది. శబ్దం వల్ల వచ్చే చెవుడుకు చోటుండేది. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు చోటుండేది. అప్పటిదాకా ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం జాబితాలోనూ అంతే. ఇవన్నీ ఉండాల్సినవే. మాంగనీసు గనుల పక్కనున్న మా ఊరికి వాటి విలువ తెలుసు. కానీ పదేపదే పని వల్ల పాడైన చేతికి ఆ రెండు జాబితాల్లోనూ చోటు దక్కలేదు. దుమ్ము ఊపిరితిత్తిని పాడుచేస్తే చట్టానికి కనిపిస్తుంది. అదే మిల్లులో తెగిన దారాలు ముడివేసి ముడివేసి బొటనవేలు పాడైతే కనిపించదు. జాబితాలో లేని జబ్బు పని వల్లే వచ్చిందని నిరూపించుకునే భారం బాధితుడి మీదే పడుతుంది. ఒక్క చేత్తో ఆ బరువు ఎవరు మోస్తారు?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను ఒక మంచి మాట చెప్పింది. ప్రభుత్వ సంస్థలో పనిచేస్తూ వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పని చూపించాలి. తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరిని రంగులు గుర్తించే చూపు లోపించిందని ఇంటికి పంపితే, వేరే పని చూపే ప్రయత్నం చెయ్యకుండా అలా పంపడం తప్పని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పులోని నీతి మన చేతులకూ వర్తించాలి. మనిషి ఒక పని చెయ్యలేకపోవడం వేరు, ఏ పనీ చెయ్యలేకపోవడం వేరు. దురదృష్టమేమంటే, ఈ నొప్పి ఉన్నవాళ్లకు వైకల్య ధ్రువపత్రం రావడం కష్టం, ప్రైవేటులో ఆ 20వ సెక్షను రక్షణా లేదు. పూర్తిగా బాగున్నవాళ్లకూ ధ్రువపత్రం ఉన్నవాళ్లకూ మధ్య సందులో వీళ్లు మిగిలిపోతున్నారు.

నేను అతిగా చెప్పదలచుకోలేదు. చేతి నొప్పులన్నీ పని వల్లే రావు. షుగరు, థైరాయిడు, గర్భం వల్ల కూడా కార్పల్ టనల్ వస్తుంది. ఒక్క కీబోర్డే దానికి కారణమా అన్న విషయంలో వైద్యుల్లో వాదం ఉంది. బలంగా పట్టి, మణికట్టు వంచి, పదేపదే చేసే పనితో దాని సంబంధం మాత్రం గట్టిది. అందుకే ముందు డాక్టరుకు చూపించుకోవాలి, అదీ తొందరగా. వేళ్ల తిమ్మిరి వదలకుండా ఉన్నా, బొటనవేలి కింది కండ చిక్కిపోతున్నా ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకూడదు. కొందరికి ఆపరేషన్ తప్పదు. కొందరు నిజంగానే ఆ వృత్తి వదలాల్సి రావచ్చు. కానీ ఆ నిర్ణయం అన్నీ మార్చి చూశాక చివర్లో రావాలి, ఆ మనిషే తీసుకోవాలి. మొదటి రోజే పక్కవాడి నోట్లోంచి ఊడిపడకూడదు.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట చెప్పాలి. పని నుంచి వచ్చిన ఆడదాని చేతికి ఇంట్లో రెండో షిఫ్టు ఉంటుంది. చపాతీ పిండి కలపడం, కొబ్బరి తురమడం, గిన్నెలు తోమడం, తడి బట్టలు పిండడం. ఇవన్నీ సరిగ్గా ఆ బొటనవేలి మీదా ఆ మణికట్టు మీదా పడే పనులే. ‘ఉద్యోగం మానెయ్’ అని జాలిపడే మగవాళ్లలో ఎంతమంది ఆ సాయంత్రం బకెట్లో బట్టలు పిండారు? జీతం తెచ్చే పనిని మాన్పించి జీతం లేని పనిని అలాగే ఉంచితే చేతికి ఒరిగేదేమీ ఉండదు, ఆవిడ చేతిలో డబ్బు మాత్రం పోతుంది.

నొప్పి పడుతున్నవాళ్లతోనూ చెబుతున్నాను. దాచుకోకండి. ఏ పనికి, ఎంతసేపటికి, ఏ వేలికి అన్నది వారం రోజులు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితం డాక్టరుకు పనికొస్తుంది, యజమానికీ పనికొస్తుంది. కుడి చెయ్యి నొప్పెడుతోందని అంతా ఎడమ చేతి మీద వెయ్యకండి, ఆ నోటరీ గతి గుర్తుంచుకోండి. ఓర్చుకోవడం గొప్ప అని నేర్పిన పెంపకం మనది. ఈ ఒక్క విషయంలో ఆ పెంపకాన్ని పక్కన పెట్టండి.

ప్రభుత్వాన్ని అడిగేది స్పష్టం. 2010లోనే ప్రపంచం ఒప్పుకున్న ఈ జబ్బులను మన జాబితాల్లోకి తీసుకురండి. వేరే పని చూపే బాధ్యత ప్రైవేటు యజమానికీ పెట్టండి. యజమానులను అడిగేది ఇంకా చిన్నది. బల్ల ఎత్తు, పని మార్పు, గంటలో పది నిమిషాలు, ఇంత అని బిగించిన లెక్కలో కొంచెం సడలింపు. వడ్రంగి ఒక పూట కూలితో నా ఉద్యోగం నిలబడింది.

మీకు చివరిగా ఒక మనవి. రేపు మీ తోటి ఉద్యోగో, మీ ఇంటి ఆడపడుచో, మీ వీధి టైలరో చెయ్యి నొప్పెడుతోందని చెప్పినప్పుడు ‘మానెయ్’ అనకండి. ‘ఏ పని చేసినప్పుడు ఎక్కువవుతోంది?’ అని అడిగి, చెప్పేదాకా ఆగి వినండి.